చేతికిచ్చిన వాచీ

“చూడు మామా, నాన్న వాచీకి ఇదెంత దగ్గరుంది?” అంటూ షాహిస్తా కొత్త వాచీ నా చేతిలో పెట్టింది.

నరసరావుపేట ఆసుపత్రిలో ఉన్నాం. బల్లల మీద కూచుని నా నడుం పట్టేసింది. లోపల వాళ్ళ నాన్న సర్దార్, వాచీ ఉంటేనే గుండె ఆపరేషన్‌కి వస్తానని భీష్మించాడు. అసలుది ఇల్లు మారేటప్పుడు పోయింది. ఈ పిల్ల ఫొటో చూపించి దానికి నకలు తెప్పించింది.

సర్దార్ కుడికాలవలో మునిగినోళ్ళని పైకి తీసేవాడు. అది నీళ్ళలో దిగేవాళ్ళ కోసం చేసిన పాత వాచీ. నేను చానాసార్లు పట్టుకున్నదే.

తిప్పి చూశా. నల్ల డయలు అదే. పసుపెక్కిన చుక్కలు కూడా అట్టాగే పూశారు. చుట్టూ తిరిగే రింగే తేడా. దానిది వదులు, దీనిది బిర్రు.

“రింగు ముట్టుకోకపోతే తెలవదమ్మా.”

“గదిలోకి వాచీ రానియ్యరన్నా వినడు. ఎందుకు మామా ఇంత మొండి?”

ఇద్దరం సర్దార్ దగ్గరికెళ్ళాం.

చేతికి కట్టాం. కట్టీ కట్టకముందే సర్దార్ రింగు తిప్పాడు. ఆనక స్ట్రెచర్ ఎక్కాడు.

ఆపరేషన్ గది తలుపు దగ్గర వాచీ విప్పి నా చేతిలో పెట్టాడు.

“ఇది నాది కాదు బావా. ఆ పిల్లతో అనమాక. పట్టుకో, వచ్చి తీసుకుంటా.”

నీళ్ళకి ఆగే వాచీయే అయినా, కాలవలో దూకేముందు ప్రతిసారీ ఒడ్డున నాకిట్టాగే ఇచ్చేవాడు. తీసుకోడానికి పైకొచ్చేవాడు.

తలుపు మూశారు. వాచీ గుప్పిట్లో పెట్టుకుని అక్కడే కూచున్నా.