కొలతల చీటీ

ఎదురింటి డ్రైవరుగారు తమ గేటు తోసుకు రావడం కిటికీలోంచి చూడగానే బఠాణీగాడికి ముచ్చెమటలు పోశాయి. ఆయన ఒక చేతిలో కూతురి చెయ్యి ఉంది. ఇంకో చేతిలో బఠాణీ రాసిన ఉత్తరం ఉంది. ఇంకేముంది, కొంప మునిగింది! ఒక్క గెంతులో బట్టల అలమరలోకి దూరి, కుట్టాల్సిన గుడ్డల కింద నక్కాడు.

అటు తిరిగి కుడుతున్న అమ్మ ఇదేమీ చూడలేదు, కుట్టుమిషన్ ఆపి లేచింది. వెళ్తూ వెళ్తూ అలవాటుగా అలమర తలుపు నెట్టి గడియ పెట్టేసింది.

అయిపోయింది. ఇక లోపలే.

నాలుగో క్లాసు వాడికి ప్రేమేమిటని అడక్కండి. ఐదో క్లాసు లీడరైన ఆ డ్రైవరుగారి కూతురు "లైన్లో సరిగ్గా నిలబడు" అని చెవి మెలిపెట్టిన రోజు నుంచి వాడికి అన్నం సయించడం లేదు. పోయిన వారం ఆ పిల్ల గౌను, వాళ్ల నాన్న చొక్కా కలిపి కుట్టుపనికి వచ్చాయి. బఠాణీ అమ్మ దగ్గరున్న కొలతల చీటీ ఒకటి లాగి, ఖాళీగా ఉన్న వైపు గుండ్రంగా రాశాడు. "చూడకుండా ఉండలేకపోతున్నాను. మా ఇంట్లోనే ఉండిపోతే ఎంత బాగుంటుంది!" దొరికిపోతానేమోనని పేర్లు మాత్రం రాయలేదు. దాన్ని గౌను మడతలో దోపేశాడు.

వాడి భయం దెబ్బల గురించి కాదు. నాన్న లేని ఇల్లు. ఫిర్యాదులు వినే ఓపిక అమ్మకి లేదు. "ఇంకొక్కరు వచ్చి చెప్పారో, తీసుకెళ్లి హాస్టల్లో పడేస్తా" అని ఎప్పుడో తేల్చేసింది. హాస్టలంటే ఆ పిల్ల మొహం మళ్లీ సెలవులకే.

"అబ్బాయి లేడా?" డ్రైవరుగారి గొంతు.

"ఆడుకోడానికి వెళ్లాడండీ. కూర్చోండి. మళ్లీ గుండీ ఊడిందా?"

ఆయన చొక్కాలకి వారానికో గుండీ ఊడుతూనే ఉంటుంది.

"గుండీ కాదండీ. అబ్బాయి లేకపోవడమే మంచిది. పాపా, నువ్వెళ్లి వరండాలో కూర్చో."

కాగితం చప్పుడు. బఠాణీ నోట్లో గుడ్డ కుక్కుకున్నాడు.

"ఇది నా చొక్కా జేబులో దొరికింది. వెనక నా కొలతలే ఉన్నాయి."

బఠాణీ తల బాదుకున్నాడు. గౌనులోంచి అది జారి పడి ఉంటుంది. కింద చీటీ కనబడితే చాలు, ఎవరి కొలతలైతే వాళ్ల చొక్కా జేబులో పెట్టేయడం అమ్మకి అలవాటు. రెండో వైపు చూసిన పాపాన పోదు. చీటీ లాగేటప్పుడు తనైనా చూసుకోవద్దూ!

"తల్లి లేని పిల్లని పెంచుతున్నవాణ్ణి. ఇలాంటివి నాన్చడం నా వల్ల కాదు. ఎవరు రాశారో నిజం చెప్పండి."

అమ్మ చదువుతున్నట్టుంది. రోజూ హోంవర్కు దిద్దే మనిషికి కొడుకు చేతిరాత తెలియదా? బఠాణీకి హాస్టల్ గేటు కళ్ల ముందు కనిపించింది. ఏడుపు తన్నుకొచ్చింది. ఉక్కపోతకి ఊపిరాడటం లేదు. తలుపు మెల్లగా నెట్టి చూశాడు. కదల్లేదు.

"నేనే రాశానండీ" అంది అమ్మ, వినీ వినపడనట్టు.

బఠాణీ మనసు కరిగి నీరైపోయింది. తనని కాపాడటానికి అమ్మ ఎంత అబద్ధమాడింది! ఇక జన్మలో అల్లరి చెయ్యకూడదని గుడ్డల మీద ఒట్టేసుకున్నాడు.

బయట డ్రైవరుగారు గట్టిగా ఊపిరి వదిలారు.

"మా పాపకీ ఇష్టమేనండీ, ఇవాళ్టి నుంచే మీ అబ్బాయిని తమ్ముడూ అని పిలుస్తానంటోంది!"