పిల్ల నాయిన వస్తుండు

"పిల్ల నాయిన యాడ చెల్లె? ముహూర్తం మీదికొచ్చింది, మనిషి జాడ లేకపాయె!"

వియ్యంకుడు రాఘవేందర్ పందిట్లో అందరికీ వినపడేలా అడిగాడు. వనపర్తి నుంచి రెండు బస్సుల చుట్టాలను వెంటబెట్టుకొచ్చిన మగపెళ్లివారి పెద్ద, గొంతు తగ్గించి మాట్లాడతాడా!

"వస్తుండన్నా. కొత్తకోట కాడ బస్సు దిగిండంట. ఇంక ఇటు ధరూర్ దిక్కు బండి దొరుకుతలేదంట," అంది పెళ్లికూతురి తల్లి జములమ్మ.

పొద్దుటి నుంచీ ఆమె ఇదే మాట చెబుతోంది. మొగుడు ధర్మయ్య బిల్డింగు పనులకు పూనా పోయాడు. తండ్రి అల్లుడి కాళ్లు కడగందే పెళ్లి ముందుకు సాగదు. పంతులు పళ్లెం, చెంబు సర్దిపెట్టుకుని దారి వైపు చూస్తున్నాడు.

"ఫోను కలిపియ్యి, నేను మాట్లాడత."

"ఛార్జింగు లేక బందయ్యిందన్నా."

"మరి కొత్తకోటల దిగిండని నీకెట్ల తెల్సె?"

"ఎవరిదో ఫోను తీసుకొని చేసిండు."

"గా నంబరుకే కొట్టు."

జములమ్మ చేతిలోని పళ్లెంలో కొబ్బరికాయలు సర్దింది. సర్దినవే మళ్లీ సర్దింది.

"ఎందుకు పరేషాను? నేను పోయి బావను తోల్కొస్త," అన్నాడు ఆమె తమ్ముడు నాగప్ప, జేబులోంచి బండి తాళంచెవి తీస్తూ.

"వద్దు తమ్మీ, ఆయనే వస్తడు."

"పోనియ్యి చెల్లె," అన్నాడు రాఘవేందర్. "కన్నతండ్రి దారిల ఉండంగ ఇంకొకరితోని కాళ్లు కడిగిపించుకుంటమా? మేం ఆగుతం. ఈ ముహూర్తం తప్పితే ఇంకోటి. గది గూడ తప్పితే పెండ్లే ఇంకో దినం పెట్టుకుందం, ఏం మునిగింది?"

ఇంకో దినం అనేసరికి జములమ్మ తమ్ముడి వైపు తిరిగింది. మునిగేదేమిటో ఆమెకు తెలుసు. పందిట్లో ఆగిన పెళ్లి మళ్లీ జరగడం ఆ చుట్టుపక్కల ఎవరూ చూడలేదు. ఆగిన కారణం ఏదైనా, పేరు మాత్రం పిల్లకే అంటుకుంటుంది.

నాగప్ప బండి స్టార్టు చేశాడు. జములమ్మ పళ్లెం అక్కడే పడేసి పరుగెత్తింది. తాళంచెవి లాగేసుకుంది.

"పోకు! ఆయన రాడు. కొత్తకోట దాబాల తాగి పడ్డడు. ఒంటి మీద సోయి లేదు."

సన్నాయి ఆగిపోయింది.

"బావ తాగుడేంది అక్కా?" నాగప్ప నోరు తెరిచాడు. "జాతరల గూడ కల్లు ముట్టని మనిషి!"

"పూనా పోయి నేర్చిండు. నా మొగని సంగతి నాకంటె నీకు ఎక్వ ఎరికెనా?" గట్టిగా అరిచింది. తరువాత రాఘవేందర్ వైపు తిరిగి చేతులు జోడించింది. "గట్లాంటోన్ని పందిట్లకు తెస్తె మీ ఇజ్జతే పోతదన్నా. మా తమ్ముడు, మరదలు పీటల మీద కూసుంటరు. పిల్లను ఆగం చెయ్యకుండ్రి."

పెళ్లికూతురు అఖిల గది గడపలో నిలబడి అంతా వింది. తల్లిని ఒకసారి చూసి తల దించుకుంది.

"పోయి పోయి తాగుబోతుతోని వియ్యమందుకుంటిని!" అని రాఘవేందర్ నెత్తి కొట్టుకున్నాడు. కానీ రెండు బస్సుల చుట్టాలకు ఆకలిగా ఉంది. పంతులు గడియారం చూపిస్తున్నాడు. పైగా పిల్ల తల్లి ముఖం చూస్తే ఆయనకూ జాలేసింది. "సరె, కానియ్యుండ్రి," అన్నాడు.

నాగప్ప కాళ్లు కడిగాడు. తాళి పడింది. జములమ్మ పందిట్లోకే రాలేదు, అక్షింతలు కూడా వేయలేదు. పొయ్యిల దగ్గరే ఉండిపోయింది. పాపం, సిగ్గుతో రాలేకపోయిందని అందరూ అనుకున్నారు.

కుండ మూతికి మూకుడుంటుంది గానీ ఊరి మూతికి ఉండదు. భోజనాల దగ్గర అదే ముచ్చట.

"బిడ్డ పెండ్లి దినమన్న ఆగలేకపాయెనా?"

"పైసలన్ని గాడ తాగుడుకే పెట్టి ఇంటికి పంపకపోతుండె గావచ్చు."

"గసుంటోడు ఉంటేంది, పోతేంది!" అంది ఓ ముసలమ్మ.

జములమ్మ ఆ ముసలమ్మ విస్తట్లో పప్పు వేసి, పక్క విస్తరి దగ్గరికి జరిగింది. కొంగుతో మొహం తుడుచుకుంటే, పొయ్యి పొగ అనుకున్నారు.

పొద్దు వాలుతుండగా అప్పగింతలయ్యాయి. రాఘవేందర్ కాస్త మెత్తబడ్డాడు.

"మీ అమ్మాయి మా ఇంట్ల బిడ్డ లెక్కనే ఉంటది చెల్లె, దిగులు పెట్టుకోకు. చూడనీకె నువ్వెప్పుడన్న రా. ఆయన సోయిల ఉన్ననాడు ఆయన్ను గూడ తోల్కరా."

"సరేనన్నా," అంది జములమ్మ.

అఖిల కారెక్కబోయి వెనక్కి వచ్చింది. తల్లి మెడ చుట్టూ చేతులు వేసి, చెవి దగ్గర మెల్లగా అంది.

"పూనా నుంచి ఫోనొచ్చిన దినం నేను తలుపు ఎన్కనే ఉంటినే అమ్మా. సచ్చిపోయిన నాయినను నా కోసం తాగుబోతును చేస్తివా?"