కొర్రమేను కిటికీ

"అందరూ వాడి కిటికీకే ఎగబడుతున్నారేంటి!" అని పళ్లు నూరాడు కాశీరావు.

బెజవాడలో కొత్తగా తెరిచిన చేపల కొనుగోలు కేంద్రం అది. చదువు రానివాళ్ల కోసం రెండు కిటికీల మీదా ఇద్దరు పెయింటర్లతో చెరో చేప బొమ్మ వేయించారు. అల్లాబక్ష్ నాలుగు గీతల్లో ముగించిన చేప కింద చేపలు అమ్మవచ్చినవాళ్లంతా బుట్టలతో బారు తీరారు. సినిమా కటౌట్లు వేసే కాశీరావు పొలుసు పొలుసూ దిద్దిన చేప కింద ఒక్కరూ లేరు.

కడుపుమంటతో బారు దగ్గరికి వెళ్లి, పామర్రు బస్సు దిగి వచ్చి బుట్టతో నిలబడ్డ కొండలమ్మను నిలదీశాడు.

"ఆ పిచ్చిగీతల్లో ఏముందమ్మా? ఈ కిటికీ ఖాళీగానే ఉందిగా!"

"అది కొర్రమేను కిటికీ కదయ్యా. నావి జెల్ల చేపలు."

"కొర్రమేనని ఎవరు చెప్పారు?"

"ఒకరు చెప్పాలా? ఆ తల, ఆ మచ్చలు... ఇప్పుడే నీళ్లలోంచి తీసినట్టుంటేను!"

"మరి వాడిదేం చేప?"

కొండలమ్మ తేరిపార చూసింది. "ఏమో! ఏ చేపైనా కావచ్చు. అందుకే అందరం అక్కడ నిలబడ్డాం."

కాశీరావు టర్పెంటైన్ గుడ్డ తీసి తన చేపను తుడవబోయాడు. వెనక నుంచి అల్లాబక్ష్ చెయ్యి పట్టుకున్నాడు.

"వద్దు గురువుగారూ."

"నామీద జాలా?"

"జాలి కాదు, కుళ్లండీ. నేనూ ముందు పొలుసులే మొదలెట్టాను. మీ చేపను చూశాక నాది తుడిచేశాను. మిగిలినవి ఆ నాలుగు గీతలే."

కాశీరావు గుడ్డ దించాడు. పొద్దుటినుంచీ ఒక్కరూ రాని ఆ కిటికీ ముందు ఇద్దరూ చేపను చూస్తూ నిలబడ్డారు.