తప్పితే చెబుతా

“ఒక్కసారి అడుగు బావా. నోరు తెరిస్తే ముత్యాలేమైనా రాలిపోతాయా మీ మామకి?” అన్నాడు బావమరిది లినో, పడవలోకి చేరిన నీళ్ళు చిప్పతో తోడి పోస్తూ.

రెమాల్ తెడ్డు పట్టుకుని మబ్బుల వంకే చూస్తున్నాడు. నిన్న సాయంత్రం కమ్మిన మబ్బు ఇంకా విడలేదు. రాత్రి ఒక్క చుక్కా కనబడలేదు, ఇవాళ సూర్యుడి జాడ కూడా లేదు. వాళ్ళు చేరాల్సిన ఫైరిక్ దీవి ఎటుందో చెప్పగలిగిన మనిషి పడవలో ఒక్కడే ఉన్నాడు. ఆయనేమో తెరచాప తాడు పట్టుకుని, తీరిగ్గా ఎండుచేప నములుతున్నాడు.

ఆయన యలుపి, రెమాల్‌కి మేనమామ. చుక్కల్నీ అలల్నీ పట్టుకుని పడవ నడిపే విద్య ఆ చుట్టుపక్కల దీవుల్లో ఆయన దగ్గరే మిగిలింది. మిగతావాళ్ళంతా మోటారు పడవలకీ, దారి చూపే యంత్రాలకీ అలవాటు పడిపోయారు. పడవల సావిట్లో చాప మీద పగడపు రాళ్ళు గుండ్రంగా పేర్చి, ఏ చుక్క ఎక్కడ పొడుస్తుందో, దాని కింద ఏ దీవి ఉంటుందో మేనల్లుడికి నేర్పింది ఆయనే. ఫైరిక్ దారి పాట కూడా, తన గురువు దగ్గర నేర్చుకున్నది నేర్చుకున్నట్టు, అక్షరం పొల్లుపోకుండా నేర్పాడు. తాబేలులా ముడుచుకు కూర్చున్న నల్లబండ, దాని ఎడమ పక్కన పడవ పట్టేంత సందు, అన్నీ ఆ పాటలో ఉన్నాయి. ఆయన పాడుతుంటే ఆ ఒడ్డునే పుట్టి పెరిగాడేమో అనిపించేది.

రెమాల్ తండ్రి ఇలాంటి మబ్బు రోజునే దారి తప్పి, మరి తిరిగి రాలేదు. అప్పట్నుంచీ ఊళ్ళో అందరికీ రెమాల్ ‘దారి తప్పినోడి కొడుకే’. పెళ్ళి మాటలప్పుడు కూడా అత్తవారి వైపు ముసలాయన ఒకడు నవ్వుతూ ఆ మాటే అన్నాడు. కనుచూపు మేరలో లేని దీవికి, యంత్రం లేకుండా పడవ చేర్చినవాడికే అక్కడ నావికుడన్న పేరు దక్కుతుంది. ఆ పేరొస్తే పాత పేరు చెరిగిపోతుందని రెమాల్ ఆశ. ఏళ్ళ తరబడి ఆ ఆశతోనే బతికాడు.

బయల్దేరిన రోజున వాళ్ళమ్మ ఒడ్డుకి రాలేదు. అంతకు ముందే అన్న ఇంటికెళ్ళి, మొగుణ్ణి సముద్రానికిచ్చింది చాలదా, కొడుకుని కూడా ఇవ్వాలా అని ఏడ్చింది. మనవల్ని ముద్దాడి పడవ దాకా వచ్చిన యలుపి, మళ్ళీ వెనక్కి వెళ్ళి ఇంకోసారి ముద్దాడి వచ్చాడు. మేనల్లుడితో మాత్రం ఒకటే మాటన్నాడు.

“దారి నీది. నన్నేమీ అడక్కు. తప్పితే నేనే చెబుతా.”

ఆ మాట పట్టుకునే రెమాల్ ఇంత దూరం వచ్చాడు. మామ మాట్లాడలేదంటే దారి సరిగ్గా ఉన్నట్టే లెక్క.

మధ్యాహ్నానికి గాలి తిరిగింది. లినో మిగిలిన కొబ్బరి బొండాల వైపు చూసి, ఇవి కాస్తా అయిపోతే ఉప్పునీళ్ళు తాగుతామా అన్నాడు. వెనక్కి తిప్పమన్నాడు. నీకు పేరు రావడం కోసం నా పెళ్ళాం పిల్లలు దిక్కులేనివాళ్ళవ్వాలా అని కూడా అన్నాడు. రెమాల్‌కి కోపం రాలేదు, భయమేసింది. ఆఖరి రోజున నాన్నకి కూడా ఇలాగే ఉండి ఉంటుంది అనిపించింది. ఇక ఉండబట్టలేక అడిగేశాడు.

“మామా, ఒక్కమాట చెప్పు. ఎటు?”

“తప్పితే చెబుతానన్నానుగా.”

ఆయన మళ్ళీ సముద్రం వైపు తిరిగిపోయాడు. బయల్దేరినప్పట్నుంచీ ఆయన కన్ను మూయలేదు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, తాడు పట్టుకున్న వేళ్ళు పాలిపోయాయి. ఈ వయసులో నాకోసం ఎంత అవస్థ పడుతున్నాడో అని రెమాల్‌కి జాలేసింది.

తెడ్డు లినో చేతికిచ్చి, పడవ అడుగున వెల్లకిలా పడుకుని కళ్ళు మూసుకున్నాడు. గాలికి లేచిన అలలు వీపు కింద ఇష్టమొచ్చినట్టు కుదుపుతున్నాయి. వాటి అడుగున, తూర్పు నుంచి వచ్చే పెద్ద అల పడవని నింపాదిగా ఎత్తి దించుతోంది. చిన్నప్పుడు మామ నీళ్ళలో పడుకోబెట్టి గుర్తుపట్టించిన అల అదే. చాలాసేపటికి రెమాల్ లేచి కూర్చున్నాడు. ఎదురుగా రావలసిన ఆ అల ఎడమ పక్క నుంచి తగులుతోంది. అంటే పొద్దుట్నుంచీ పడవ దక్షిణానికి జారిపోతోంది. మరి మామ చెప్పలేదేం? పరిస్థితి చెయ్యి దాటలేదు కనక, నేనే కనిపెట్టాలని ఊరుకున్నాడు కాబోలు అనుకున్నాడు.

“ఉత్తరానికి తిప్పు,” అన్నాడు.

“అటేముంది బావా? నీళ్ళే కదా.”

“ఎటు చూసినా నీళ్ళే. తిప్పు.”

లినో తిప్పుతుంటే రెమాల్ మామ మొహం చూశాడు. ఆయన కాదనలేదు.

పొద్దు గుంకే వేళకి తెల్లపిట్టల జంట ఒకటి వాళ్ళ నెత్తి మీదుగా పోయింది. పగలంతా చేపలు పట్టుకున్న పిట్టలు ఆ వేళప్పుడు నేలకే పోతాయి. అవి పోయిన వైపే పడవ ముక్కు కూడా ఉంది. లినో ఏడుపు కనబడనివ్వకుండా దోసిటితో నీళ్ళు తీసుకుని మొహం కడుక్కున్నాడు.

తెల్లవారాక ముందు నురగ కనబడింది, ఆ తర్వాత కొబ్బరి తలలు, ఆ తర్వాత నల్లబండ. అచ్చం పాటలో ఉన్నట్టే ముడుచుకు కూర్చునుంది. యలుపి లేచి నిలబడి దాన్ని చూస్తూ ఉండిపోయాడు. కళ్ళ నీళ్ళు కారుతున్నా తుడుచుకోలేదు. ఎన్నాళ్ళకి చూస్తున్నాడో పాపం అనుకున్నాడు రెమాల్.

ఒడ్డున జనం పోగయ్యారు. పడవ నడిపిందెవరని అడిగితే లినో ముందుకొచ్చి, ఇంకెవరు, మా బావే అన్నాడు. యంత్రం లేదంటే నమ్మక ఇద్దరు ముగ్గురు పడవంతా వెతికారు. ఆడవాళ్ళు పూలదండలు వేసి, దంచిన సీమపనస ముద్దలు ఆకుల్లో పెట్టిచ్చారు.

రెమాల్ మామ పక్కన ఇసుకలో కూలబడ్డాడు. ఇంకెవరూ తనని ఆ పాత పేరుతో పిలవరు. అలా అనుకోగానే దుఃఖం పొంగుకొచ్చింది.

“ఉత్తరానికి తిప్పినప్పుడు నీ మొహం చూశాను మామా. నువ్వు కాదనలేదు. ఆ ధైర్యంతోనే వచ్చాను. లేకపోతే నేనూ నాన్న లాగే పోయేవాణ్ణి,” అన్నాడు.

యలుపి ముద్ద తుంచి మేనల్లుడి చేతిలో పెట్టి, నల్లబండ వైపు ఇంకోసారి చూశాడు.

“ఈ దీవిని నేను చూడ్డం ఇవాళే, అల్లుడూ.”