ఎవరూ ఎక్కని కప్పు

ఒక పెరట్లో తాటాకు పాక, పెంకుటిల్లు, రేకుల కొట్టం ఉండేవి. వానలు దగ్గరపడ్డాయి. పిచ్చుక, గువ్వ గుడ్లు పెట్టడానికి చోటు వెతుక్కుంటున్నాయి.

"పాక మీద పాత ఆకు పీకేస్తున్నారు. పెంకుటింటి మీద పెంకులు దించి సర్దుతున్నారు. ఏం గోల వదినా ఇది!" అంది గువ్వ. "ఆ రేకుల కొట్టం చూడు. ఏళ్ల తరబడి ఎవరూ ఎక్కిన పాపాన పోలేదు. హాయిగా ఉంటుంది."

గోడ మీది ముసలి బల్లి అందుకుంది. "తాటాకు చూరు దగ్గర కుళ్లుతుంది తల్లీ. పెంకులు పిల్లులు తిరిగితే జరుగుతాయి. రేకు మేకు చుట్టూ తుప్పు పడుతుంది. పాడవనిదంటూ లేదు. ఎక్కి చూసేవాళ్లున్నారా అని చూసుకోండి."

"గోడ దిగనిదానివి, కప్పుల సంగతి నీకెందుకత్తా!" అని నవ్వి, గువ్వ రేకుల కింద గూడు కట్టేసింది.

పిచ్చుకకు గుడ్లు పెట్టే వేళ ముంచుకొస్తోంది. అయినా పెంకులు సర్దే మనిషి నిచ్చెన దిగేదాకా ఓపిక పట్టి, అప్పుడు వాసం సందులో గడ్డి పేర్చుకుంది.

గుడ్లు పెట్టిన కొద్ది రోజులకే వాన దంచికొట్టింది. తుప్పు తిన్న మేకు పక్క నుంచి నీటి ధార సరిగ్గా గువ్వ గూట్లోనే పడింది. గువ్వ రెక్కలు పరిచి కప్పినా గుడ్లు తడిసి చల్లబడిపోయాయి.

వాన వెలిశాక గువ్వ వచ్చి పిచ్చుక పక్కన వాలింది. పెంకుల కింద పొడిగా ఉన్న గూటికేసి చూసింది.

"ఈ ఇంటి మీదికి మళ్లీ ఎక్కుతారా వదినా?"

"ఏటా ఎక్కుతారు."

"అయితే కాస్త జరుగు."