పరుపు నడిమి గుంట

గెరిట్ చెయ్యి కారవాన్ పరుపు గుంటలో మణికట్టు దాకా దిగిపోయింది.

బయటికి తీసి మళ్ళీ నొక్కాడు. మళ్ళీ దిగింది. జిప్పు లాగి చూస్తే లోపల పాత ఫోమే! తుప్పు రంగుకు తిరిగి, ముట్టుకుంటే రొట్టెపొడిలా రాలుతోంది. తొమ్మిదేళ్ళ కిందట గాలివానకి కాఫీ కెటిల్ దొర్లి కాలిన మచ్చ కూడా ఉన్నచోటే ఉంది.

నిన్న సోమవారమే కదా దీన్ని పీకి కొట్టంలో పడేసి, కొత్తది దూర్చింది!

కొట్టానికి పరిగెత్తాడు. గొర్రెబొచ్చు బస్తాల వెనక కొత్త ఫోము ఒలిచిన గుడ్డులా తెల్లగా నవ్వుతోంది. డెబ్భై మూడేళ్ళ గెరిట్‌కి మాత్రం నవ్వు రాలేదు.

శనివారం ప్రయాణం. ముప్పై ఒక్క ఏళ్ళుగా ప్రతి డిసెంబరూ ఈ చిన్న కారవాన్‌ని వ్యాను వెనక తగిలించుకుని, కరూ ఎడారి ఎండ దాటి సముద్రం ఒడ్డుకి, అదే క్యాంపులో అదే జాగాకి పోవడం, మూడు వారాలు ఆ ఒక్క పరుపుతో అందులోనే ఇద్దరూ కాపురం పెట్టడం. ఈసారి కూతురు రియానా ఫోన్లో తెగేసి చెప్పింది.

"నాన్నా, పోయిన నెల కెటిల్ ఫ్రిజ్‌లో పెట్టావంట. ఇంకొక్కసారి ఏదైనా మరిచిపోయావో, బండి లాగేది లేదు. తాళాలు పట్టుకుపోతా."

ఆ పిల్ల భయమూ ఉత్తది కాదు. గెరిట్ అన్న డావీ ఇలాగే మతిమరుపుతో కారవాన్ తగిలించకుండానే బయలుదేరి, మూడొందల కిలోమీటర్లు పోయి, సముద్రం దగ్గర బండి దిగి వెనక్కి చూసుకున్నాడు. కారవాన్ ఇంటి ముందే ఉంది. అందులో వదినగారు టీ కాచుకుంటూ, రోడ్డు ఇంత నున్నగా ఎప్పుడు వేశారబ్బా అనుకుంటూ కూర్చుందట. ఆ సాయంత్రమే కొడుకులు తాళాలు లాక్కున్నారు.

గెరిట్ నేరుగా మెర్సియా కొట్టుకి పోయాడు. సోఫాలకీ కుర్చీలకీ మెత్తలు కుట్టడంలో ఊళ్ళో ఆమెకు ఆమే సాటి.

"మెర్సియా, నిన్న నేను ఫోము పట్టుకెళ్ళానా?"

ఆమె మిషన్ ఆపి, కళ్ళజోడు మీదుగా చూసింది. "అదేంటి మావయ్యా? నేనే కదా వ్యాన్లోకి ఎక్కించింది. 'ముప్పై ఏళ్ళ తర్వాత మా ఆవిడ నడుం నిలబడుతుంది' అని ఊరంతా వినేట్టు అరిచారు."

"అదే, అదే. ఊరికే అడిగా."

"ఒంట్లో బాగానే ఉందా?"

"ఎండ," అన్నాడు గెరిట్.

ఇంటికొచ్చి మళ్ళీ పరుపు మూడు మెత్తలూ విప్పి, కొత్త ఫోము దూర్చాడు. ఈసారి అరచేతిలో పెన్నుతో రాసుకున్నాడు: 'మార్చాను. మంగళవారం.' పాతది కొట్టంలో పడేసి, కారవాన్‌కి తాళం వేసి, తాళంచెవి ఎప్పటిలాగే వంటింట్లో కొక్కేనికి తగిలించి, టైరు కొనడానికి పోయాడు.

బుధవారం పొద్దున తన గదిలోంచి లేచి కాఫీ పెట్టాడు. నడవా దాటి భార్య హెస్టర్ గది తలుపు తట్టి కప్పు అందించడం ఆ ఇంట్లో పదకొండేళ్ళ ఆనవాయితీ. గెరిట్ గురక మొదలైన దగ్గర్నుంచి.

"ఏమయ్యా, ముఖం అలా వేలాడేశావేం?" అంది హెస్టర్.

"ఏం లేదు." తిన్నగా కారవాన్‌లోకి పోయాడు. చెయ్యి పెట్టాడు.

గుంట.

అరచెయ్యి చూసుకున్నాడు. 'మార్చాను' అని చెయ్యి చెబుతోంది. మార్చలేదు అని పరుపు చెబుతోంది. దొంగలేమో అనుకుంటే, చీమ నడిచినా మొరిగే కుక్క కిక్కురుమనలేదు. పైగా ఏ దొంగ మాత్రం పాత ఫోము ఇచ్చి పోతాడు?

గడప మీద కూలబడ్డాడు. అన్న డావీ గతే కళ్ళముందు ఆడింది. సముద్రం, ఉప్పుగాలి, నిప్పుల మీద చేపలు, అన్నీ అక్కడితో సరి. ఎవరినైనా రోడ్డు మీద చంపకముందే తనే ఒప్పుకోవడం మర్యాద.

వంటింట్లో హెస్టర్ ఎండు రొట్టెముక్కని కాఫీలో ముంచుతోంది.

"హెస్టర్, రియానాకి ఫోన్ చెయ్యి. తాళాలు ఇచ్చేస్తానని చెప్పు." అన్నాడు గెరిట్. "నా బుర్ర చెడిపోయింది. రెండుసార్లు పరుపు మార్చాననుకున్నా. రెండుసార్లూ మార్చలేదు. శనివారం మనం ఎక్కడికీ పోవడం లేదు."

హెస్టర్ చేతిలోని రొట్టెముక్క విరిగి కప్పులో పడింది.

"పోవడం లేదా?"

"పోవడం లేదు."

"నీ బుర్రకేం కాలేదయ్యా."

"కాకపోతే..."

"నువ్వు బాగానే మార్చావు. నేనే మళ్ళీ మార్చా. సోమవారం నువ్వు చర్చి పెద్దల మీటింగుకి పోయినప్పుడొకసారి, నిన్న టైరుకి పోయినప్పుడొకసారి. ఆ జిప్పులు లాగలేక రెండు గోళ్ళు విరిగాయి, ఇదిగో చూడు."

గెరిట్ గోళ్ళు చూశాడు. భార్య ముఖం చూశాడు. ఇప్పుడు నిజంగానే బుర్ర తిరిగింది.

"నువ్వా! ఆ గుంట మీద పడి ఏడ్చేదే నువ్వు కదే! నడుం విరిగిందనీ, రాత్రంతా ఇద్దరం దొర్లి ఒకచోటే పడుతున్నామనీ, గాడిదల తొట్టిలో పడుకున్నట్టుందనీ క్యాంపంతా వినేట్టు సణిగావు!"

"సణిగాను. మార్చమన్నానా?"

"మార్చమనకపోతే సణగడం దేనికి?"

"సణక్కుండా ఎలా ఉంటాం?"

"మరి ఆ దిక్కుమాలిన గుంట ఎందుకే నీకు?"

హెస్టర్ చెంచాతో కప్పు అడుగున రొట్టెముక్క కోసం చాలాసేపు వెతికింది. ఆమె చెవులు ఎర్రబడడం గెరిట్ ఎన్నేళ్ళకో చూశాడు.

"ఇంట్లో మనకి రెండు మంచాలయ్యా," అంది.