రేవు మీదుగా పుట్టింటికి

రైలు మళ్ళీ ఆగింది. కొత్త పెళ్ళికూతురు కిటికీలోంచి తల బయటపెట్టి చూసింది. ఎదురుగా ఖనిజం రైలు దిగి వస్తోంది. ఎర్రమట్టి నిండిన పెట్టెలు ఒకదాని వెనక ఒకటి, నిండు గర్భిణి నడిచినట్టు నిమ్మళంగా కదులుతున్నాయి.

"దానికి దారి ఇవ్వాలి కదా," అన్నాడు మొగుడు, అది తన మేనమామ బండి అయినట్టు.

ఆమె మూతి ముడిచింది గానీ ఎక్కువసేపు ముడవలేకపోయింది. మొన్న సాయంత్రం బయల్దేరారు. అతని ఊరి లైనులో రేవు దాకా దిగి, అక్కడ బండి మారి, ఇప్పుడు ఆమె పుట్టింటి లైనులో పైకి వస్తున్నారు. ఒకే దుప్పటి, ఒకే గ్లాసులో టీ, ఒకే కిటికీ. రేవులో బండి కోసం కూర్చున్నంతసేపూ సముద్రపు గాలి ఆమె జడను చిందరవందర చేస్తుంటే, అతను దువ్వెన పట్టుకుని పక్కనే నిలబడ్డాడు. ఇంతకన్నా సుఖం ఏముంటుందని ఆమెకు అనిపించింది.

అమ్మమ్మ గుర్తొచ్చినప్పుడే గుండె గుబేలుమంటోంది.

అమ్మమ్మకు ఒక కన్ను ఎప్పుడో పోయింది. రెండోదానికి కిందటి వారం ఊళ్ళో పెట్టిన శిబిరంలో ఆపరేషన్ చేశారు. చూపు వస్తుందో రాదో కట్టు విప్పితేగానీ తెలియదు. పెళ్ళి ఇరువైపులవాళ్ళకూ వీలుగా ఉంటుందని రేవు పట్టణంలో జరిపించారు. అంత ప్రయాణం చేయలేక ముసలావిడ ఆగిపోయింది. మనవరాలి మొగుణ్ణి ఇంతవరకూ చూడనేలేదు. అందుకే ఫోన్‌లో గట్టిగా చెప్పింది: "కట్టు విప్పేటప్పుడు వాడు నా ఎదురుగా ఉండాలి. చూపొస్తే మొదట వాణ్ణే చూస్తా. రాకపోతే ముక్కూ చెవులూ తడిమి చూసుకుంటా."

వాళ్ళకు ఎదురు సీట్లో ఒక పెద్దాయన వేరుశనక్కాయలు ఒలుచుకుంటున్నాడు. ఎక్కడినుంచి ఎక్కడికని అడిగాడు. ఆ లైను చివరి స్టేషను నుంచి ఈ లైను చివరి స్టేషనుకని మొగుడు చెప్పగానే పెద్దాయనకు నవ్వు ఆగక పొలమారింది.

"సంబంధం కుదుర్చుకునేముందు రైలు మ్యాపు చూసుకోలేదా అబ్బాయ్?"

"చూశానండీ. మ్యాపుకన్నా అమ్మాయే బాగుంది."

ఆమె అతని మోచేతి మీద గిల్లింది. గిల్లిన చోటే కాసేపు చెయ్యి ఉంచింది.

పెద్దాయనకు కబుర్లంటే ఇష్టం. ఈ పట్టాలు దొరలు వేసినవని, గని నుంచి రేవుకు తప్ప ఇంకెటూ వేయలేదని, దొరలు ఓడెక్కి పోయాక జెండా మారిందిగానీ పట్టాలు మారలేదని చెప్పుకొచ్చాడు. రోడ్లదీ అదే వరస. ఖనిజానికి అక్కర్లేని చోటికి మనిషి పోవడానికీ దారి లేదు.

మొగుడి ఉద్యోగం కూడా గనిలోనే, తూకం దగ్గర. తరతరాలుగా తవ్విన గొయ్యి అది. చుట్టూ కంచె, కంచె వెంట కాపలా. కంపెనీ లారీలు తప్ప పురుగు కూడా దిగడానికి లేదు. అయినా అతనికి దాని మీద కోపం లేదు.

"మా పెళ్ళికి కొన్న బీరువా ఓడలో వచ్చిందండీ," అన్నాడు. "ఇక్కడి మట్టే అయ్యుంటుంది. విదేశం వెళ్ళి, చదువుకుని, రంగేసుకుని వచ్చింది."

పెట్టెలో ఉన్నవాళ్ళంతా నవ్వారు. ఆమె కూడా నవ్వింది, అంతలోనే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. కాపురానికి వచ్చినప్పటినుంచీ సాయంత్రమైతే పుట్టింటివైపు తిరిగి నిలబడేది. "చూసినకొద్దీ దగ్గరవుతుందా ఏమిటే?" అని అత్తగారు వేళాకోళం చేసేది.

ఇంకో ఖనిజం రైలు వస్తోందని గార్డు చెప్పిపోయాడు. ఇక ఆమె వల్ల కాలేదు.

"ఆ కళ్ళ డాక్టరు మాకోసం ఆగడండీ," అంది పెద్దాయనతో. "పొద్దున్నే కట్టు విప్పేసి, తిరుగు బండికి వెళ్ళిపోతాడట."

పెద్దాయన ఒళ్ళో తొక్కలు దులుపుకున్నాడు. "ఎలా విప్పుతాడమ్మా? నీ ఎదురుగా కూర్చుని వేరుశనక్కాయలు తింటుంటేనూ."

ఆమె గబుక్కున కాయలు అందుకుంది. తర్వాత స్టేషను వచ్చేదాకా ఆయనకు కాయలు తనే ఒలిచి పెట్టింది.

ఇల్లు చేరేసరికి బాగా పొద్దెక్కింది. అమ్మమ్మ కిటికీ పక్క మంచం మీద నిటారుగా కూర్చుని ఉంది. అల్లుడికి కాళ్ళకు నీళ్ళు, మంచినీళ్ళు, కుశలప్రశ్నలు అన్నీ తర్వాతేనని హుకుం జారీ చేసింది. అతను చేత్తో జుట్టు సర్దుకుని, ఫోటో తీయించుకునేవాడిలా ఆవిడ ఎదురుగా నిలబడ్డాడు. డాక్టరు ఒక్కో చుట్టూ విప్పసాగాడు. ఆమె వాళ్ళమ్మ చేతిని గట్టిగా పట్టుకుంది.

చివరి దూది కూడా తీశారు. అమ్మమ్మ రెప్పలు టపటపలాడించి కన్ను తెరిచింది.

"ఏం కనిపిస్తోంది పెద్దమ్మా?" అన్నాడు డాక్టరు.

అమ్మమ్మ చూపు అల్లుడి ముఖం మీద ఆగలేదు. అతని భుజం మీదుగా జారి, కిటికీ దాటి, ఎటో వెళ్ళి నిలిచిపోయింది. అతను కంగారుగా ఒక అడుగు ముందుకు వేసి, తడుముకోవడానికి వీలుగా తన ముఖం ఆవిడ చేతులకు అందేలా వంచాడు.

ముసలావిడ అతని చెంప మీద చెయ్యి వేసి మెల్లగా పక్కకు జరిపింది. మెడ చాచి ఇంకాస్త బయటికి చూసింది. మనవరాలివైపు తిరిగి కసిరింది.

"గని గోతికి అవతల మీ పెరట్లో పసుపు చీర ఆరేసి మరిచిపోయి వచ్చావేమే?"